చెయ్యెత్తితే ఆగే ఇల్లు

డ్రైవరు హెర్మిలో సాల్దానా రిటైరై, కంపెనీ బస్సు దిగి రెండేళ్ళు దాటినా, అతని కుడికాలు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. రోడ్డు పక్కన ఎవరైనా చెయ్యెత్తితే చాలు, అది యజమానిని అడక్కుండానే బ్రేకు మీదకి వెళ్ళిపోతుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. హెర్మిలోకి ఇది పుట్టుకతో రాలేదు, ముప్పై ఏళ్ళ ఉద్యోగంతో వచ్చింది. అయినా పోయే సూచనలేమీ కనబడలేదు.

ఆ ముప్పై ఏళ్ళూ అతను మా కోస్తా రోడ్డు మీదే బస్సు నడిపాడు. తెపిక్‌లో బయల్దేరి మంజనీయో దాకా, మళ్ళీ వెనక్కి. దారి పొడవునా సముద్రం కిటికీ పక్కనే ఉండేది గాని, దాంట్లో కాలు తడుపుకునే తీరిక అతనికి ఏనాడూ చిక్కలేదు. టైముకి వెళ్ళాలి, టైముకి రావాలి. ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ భార్య మికాయెలాకి ఆ రోజు సముద్రం సంగతులు చెప్పేవాడు. నీళ్ళు ఏ రంగులో ఉన్నాయి, పెలికాన్ పిట్టలు ఎక్కడ వాలాయి, ఏ మలుపులో కొబ్బరితోట మధ్య నుంచి కెరటం తొంగి చూస్తుంది, అన్నీ. ఆమె పెనం మీద తోర్తియా రొట్టెలు తిప్పుతూ వినేది. భార్యని ఒక్కసారైనా ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్దామంటే, డ్రైవర్ల ఇంటివాళ్ళు ముందు సీట్లో కూర్చోకూడదని కంపెనీ రూలు.

"రిటైరయ్యాక మన బస్సు మనమే కొనుక్కుందామే. ముందు సీటు నీది," అనేవాడు.

"అప్పటికి మెట్లెక్కే మోకాళ్ళు మిగిలితే చూద్దాంలే," అనేది మికాయెలా.

మోకాళ్ళు మిగిలాయి. అతను మాటా నిలబెట్టుకున్నాడు. చేపల ఫ్యాక్టరీ కూలీలను మోసి మోసి అలిసిపోయిన ఒక పాత పసుపు బస్సు కొన్నాడు. ఊళ్ళో కుర్రాళ్ళు ముక్కు మూసుకుని నవ్వారు. ఏడాదంతా దాన్ని తోమాడు, కడిగాడు, రేకులు అతికాడు. వెనక మంచం, మధ్యలో గ్యాసు పొయ్యి, నెత్తిన నీళ్ళ డ్రమ్ము, అద్దం పైన గ్వాడలూపే మాత పటం. మికాయెలా పూల కర్టెన్లు కుట్టింది. చేపల వాసన పోవడానికి ఆమె ఎన్ని నిమ్మకాయలు పిండిందో ఆ దేవుడికే తెలియాలి. అంతా ఇల్లయిపోయాక కూడా తలుపు పక్కన రెండు వరసల సీట్లు అతను పీకలేదు.

"ఇవెందుకయ్యా, ఇక్కడ బీరువా పెట్టుకోవచ్చుగా?" అని అడిగింది.

"చుట్టాలొస్తే కూర్చోవద్దూ?" అన్నాడు నేల చూపులు చూస్తూ. ఆ చుట్టాలెవరో ఆమెకి అప్పుడు తట్టలేదు.

వానలు వెళ్ళిపోయిన నవంబరులో బయల్దేరారు. పిల్లలు పెద్దవాళ్ళై ఎవరి సంసారాల్లో వాళ్ళున్నారు, వెనక్కి లాగేవాళ్ళు లేరు. మికాయెలా ముందు సీట్లో కూర్చుని, ఇన్నేళ్ళూ చెవులతో చూసిన సముద్రాన్ని కళ్ళతో చూసింది. మొదటిరోజంతా ఆమె కిటికీ వదల్లేదు. ఇలాంటి రోజు రాసిపెట్టినందుకు మాత పటానికి రెండు చేతులూ జోడించింది.

రెండోరోజు చుట్టాలు మొదలయ్యారు.

ముందు ఒక పనసకాయల ముసలమ్మ ఎక్కింది. సరే, పెద్దావిడ. తర్వాత రెండు పందిపిల్లల్ని చంకలో పెట్టుకుని ఒకాయన ఎక్కాడు. ఆ తర్వాత పెళ్ళికి వాయించడానికి వెళ్ళే బ్యాండు మేళం, పెద్ద బాకాతో సహా. వాళ్ళు మికాయెలా కాచిపెట్టిన కాఫీ గిన్నె ఖాళీ చేసి, బదులుగా ఒక పాట వాయించారు. బస్సు కిటికీలన్నీ గడగడలాడాయి. ఒకరోజు ఆమె కూరలు కొని వచ్చేసరికి, రాత్రి కాపలా పని ముగించుకొచ్చిన ఎవరో వాచ్‌మన్ ఆమె మంచం మీద బోర్లా పడుకుని గుర్రు పెడుతున్నాడు.

"పాపం, నిద్రలేదంట," అన్నాడు హెర్మిలో గొంతు తగ్గించి.

"నా దుప్పటి కప్పావు కూడానూ!"

"చలేస్తోందన్నాడే."

దారినపోయే దానయ్యలందరికీ ఆ ఇల్లు ధర్మసత్రమైపోయింది. పైసా పుచ్చుకునేవాడు కాడు. ఎక్కినవాళ్ళ ఊరూ పేరూ అడిగేవాడు. "మీ నాన్న ఆ కొలిమి రామోన్ కదూ? ఒకసారి నా బస్సులో గంగాళం మర్చిపోయాడు!" అని మొదలెడితే, ఇక పక్కన భార్య ఉందన్న సంగతే గుర్తుండేది కాదు. మికాయెలా చెప్పి చూసింది, అలిగి చూసింది, గిన్నెలు చప్పుడు చేసి చూసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఆమె కోపం కాఫీ గురించి కాదు, దుప్పటి గురించీ కాదు. ముప్పై ఏళ్ళు ఆ మనిషి ఊరందరి సొత్తు. పండగలప్పుడు బస్సులు ఎక్కువ కాబట్టి, పండగ పూట కూడా ఇంట్లో ఉండేవాడు కాడు. పెద్దపిల్ల పుట్టిననాడు కూడా అతను ఏదో ఊరి మలుపులో ఎవరి మూటో పైకి అందిస్తున్నాడు. ఇప్పటికైనా తన మొగుడు తనకి మిగులుతాడని ఆమె ఆశపడింది. అంతకంటే ఏమీ అడగలేదు.

జనవరి నెలంతా వాళ్ళు లా ఎస్కొందిదా అనే తీరంలో బండి నిలిపారు. కొబ్బరిచెట్ల కింద పది పన్నెండు క్యారవాన్లు. కెనడా నుంచి వచ్చిన ముసలి జంట ఒకటి, మొంతెర్రే నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు కుటుంబం, ఇంకా కొందరు. ముగ్గురు రాజుల పండగనాడు అందరూ కలిసి గుండ్రటి రొట్టె కోసుకున్నారు. అందులో దాచిన చిటికెనవేలంత బొమ్మ ఎవరి ముక్కలో వస్తే, ఫిబ్రవరి రెండున కొవ్వొత్తుల పండగకి వాళ్ళు అందరికీ తమాలెలు వండి పెట్టాలి. బొమ్మ మికాయెలా పంటికి తగిలింది. పక్కన పళ్ళ డాక్టరు ఉన్నా, ఆమె అరిచిన అరుపు పన్ను విరిగినందుకు కాదు, వంట తన నెత్తిన పడినందుకు.

"ఇరుక్కున్నావే ముసలీ!" అని హెర్మిలో తొడ కొట్టి నవ్వాడు.

పైకి విసుక్కుంది గాని ఆమెకి సంతోషమే. ఊరు కాని ఊళ్ళో తన చేతివంట తినడానికి ఇంతమంది ఎదురుచూడటం ఆమెకి బాగుంది. పండగకి రెండు రోజుల ముందు, మంచి మొక్కజొన్న పిండి కోసం పైన కొండ దగ్గరున్న సంత ఊరికి వెళ్ళారు. అక్కడే బండి ఆపుకుని, కోడికూర పెట్టి, అరిటాకుల్లో చుట్టి, పెద్ద డేగిసాడు తమాలెలు ఉడికించింది. పండగనాడు పొద్దున, తీరానికి తిరిగి వెళ్ళడానికి అతను తాళం తిప్పబోతుంటే, చెయ్యి పట్టుకుంది.

"ఇదిగో, ఇవాళ ఒక్కమాట విను. ఇవాళ ఎవరికోసమూ ఆపొద్దు. ఆపావా, ఈ డేగిసా నెత్తిన పెట్టుకుని దిగిపోతా. ఆ దిగడం దిగడం తెపిక్‌లోనే మా చెల్లెలింటి దగ్గర ఆగుతా. నువ్వూ, నీ చుట్టాలూ ఊరేగండి."

హెర్మిలో నవ్వబోయి ఆమె మొహం చూసి మానేశాడు.

"నిజంగానేనా?"

"నిజంగానే. నాకు మొగుడు కావాలి. డ్రైవరు కాదు."

అతను తాళం తిప్పాడు. "సరే. ఇవాళ ఆపను," అన్నాడు.

ఆపలేదు కూడా. కొబ్బరికాయల వాడు చెయ్యెత్తితే, వేళ్ళు పైకెత్తి క్షమించమన్నట్టు ఊపి దాటేశాడు. బడి టీచరమ్మలిద్దరిని దాటేశాడు. దాటిన ప్రతిసారీ మెడ కాస్త లోపలికి లాక్కుంటున్నాడు. మికాయెలా చూసీ చూడనట్టు కిటికీలోంచి సముద్రాన్నే చూస్తోంది. బస్సులో వాళ్ళిద్దరే. ఎన్నాళ్ళుగానో కోరుకున్నది ఇదే. అయితే ఆ మనిషి మాత్రం అత్తారింటికి కొత్తగా వచ్చిన అల్లుడిలా బిగుసుకుపోయి కూర్చున్నాడు.

బొప్పాయి తోటలు దాటాక, ఒక మట్టిదారి మొగదల ఒక పడుచుపిల్ల నిలబడి ఉంది. నీడ లేదు. ఒక చేతిలో తెల్లబట్టలో చుట్టిన పసిబిడ్డంత మూట. రెండో చెయ్యి బాగా పైకెత్తింది.

కాలు బ్రేకు మీదకి వెళ్ళింది. బండి వేగం తగ్గింది. హెర్మిలో భార్య వైపు చూశాడు.

"బాల ఏసు బొమ్మయ్యా అది," అంది మికాయెలా. "పండగ కదూ, బొమ్మకి కొత్తబట్టలు కట్టి గుడికి తీసుకెళ్తోంది. వెనక మామూలు బస్సు వస్తుందిలే. పోనియ్."

ఆమె అన్నదాంట్లో తప్పు పట్టడానికేం లేదు. కొవ్వొత్తుల పండగనాడు మా కోస్తాలో ఏ ఆడదాన్ని చూసినా చంకలో బాల ఏసు బొమ్మే. క్రిస్మస్ నుంచి పశువుల పాకలో పడుకున్న స్వామిని లేపి, పట్టుబట్టలు కట్టి, గుడికి తీసుకెళ్ళి దీవెనలు పట్టించాలి. మరే రోజైనా ఆ మూటని చూసి బిడ్డే అనుకునేది. ఆ ఒక్కరోజే బొమ్మ అనుకుంది.

హెర్మిలో గేరు మార్చాడు. అద్దంలోకి చూస్తూ, "చెయ్యి దించలేదే ఇంకా," అన్నాడు.

"పోనియ్యమన్నానా!"

కాసేపటికి ఊరొచ్చింది. గుడి గంటలు మోగుతున్నాయి. రోడ్డు నిండా ఆడవాళ్ళు, బొమ్మలు. ఒక బాల ఏసుకి రాజు కిరీటం, ఒకాయనకి డాక్టరు కోటు, చేపలవాళ్ళ వీధిలో ఒకాయనకి భుజాన బుల్లి వల కూడా వేశారు. బస్సు మెల్లగా పాకుతోంది. మికాయెలా కిటికీలోంచి తల బయటపెట్టి ఒక్కొక్క స్వామికీ దణ్ణం పెడుతూ మురిసిపోతోంది. ప్రతి తల్లీ తన స్వామి మొహం జనానికి కనబడేలా ముందుకి పట్టుకుని నడుస్తోంది. మా స్వామి బాగున్నాడంటే మా స్వామి బాగున్నాడని పోటీ. నెల్లాళ్ళు కుట్టిన బట్టలు మరి, ఎవరు దాచుకుంటారు?

మికాయెలా నవ్వు ఆగిపోయింది.

"హెర్మిలో."

"ఊఁ."

"ఆ పిల్ల... మొహం గుండెకి అదుముకుని పట్టుకుంది కదూ?"

అతను చప్పున ఆమె వైపు తిరిగాడు.

"ముస్తాబు చేసిన స్వామి మొహం ఎవరైనా దాస్తారా? గుడికెళ్ళడానికే అయితే, ఆ ఎండలో నిలబడి చెయ్యి దించకుండా..." ఆమె అతని భుజం పట్టుకుని కుదిపింది. "తిప్పు. బండి తిప్పు!"

"ఆపొద్దన్నావుగా..."

"తిప్పవయ్యా ముసలోడా! అది బిడ్డ!"

ఆ రోడ్డు మీద అంత బస్సు తిప్పడం మాటలు కాదు. ఒకపక్క మురిక్కాలవ, ఒకపక్క కొబ్బరి బొండాల కొట్టు. హెర్మిలో కొట్టువాడి బల్ల పక్కదాకా వెనక్కి తెచ్చి, రెండు తిప్పుళ్ళలో తిప్పేశాడు. కొట్టువాడు బొండం చేత్తో పట్టుకుని నోరు తెరిచాడు. వెనక్కి వెళ్ళినంతసేపూ మికాయెలా గ్వాడలూపే మాతని ఒకటే అడిగింది. ఆ పిల్ల అక్కడే ఉండేలా చూడు తల్లీ, ఉండేలా చూడు.

ఆ పిల్ల అక్కడ లేదు. చూసి చూసి నడక మొదలుపెట్టింది. నడక కూడా కాదు, పరుగు. చెప్పు ఒకటి తెగి చేతికి తగిలించుకుంది. బస్సు పూర్తిగా ఆగకముందే మికాయెలా తలుపు తీసి, ఆమె చెయ్యి పట్టుకుని పైకి లాగింది.

"ఏమైంది తల్లీ?"

"తేలు... తేలు కుట్టిందమ్మా. ఉయ్యాల్లో ఉండగా. ఆయన పడవ మీదెళ్ళాడు, ఇంటికాడ ఎవరూ లేరు." పిల్ల పేరు నెరెయిదా. పట్టుమని ఇరవై ఏళ్ళుండవు. బిడ్డ నోట్లోంచి చొంగ కారుతోంది, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ విలవిల్లాడుతోంది, ఏడ్చి ఏడ్చి గొంతు పీలగా అయిపోయింది. మా వైపు తేలు ఎలాంటిదో మా వైపు వాళ్ళందరికీ తెలుసు. పెద్దవాళ్ళయితే తట్టుకుంటారు. పసివాళ్ళకి సమయమే ప్రాణం.

"ఊరవతల ఆస్పత్రిలో మందుంటుంది. గట్టిగా పట్టుకోండి," అన్నాడు హెర్మిలో. మెడ లోపలికి లాక్కున్న మనిషి కాడిప్పుడు. నడుము నిటారుగా పెట్టి కూర్చున్నాడు. ఆ రోడ్డులో ప్రతి గుంటా అతని చేతులకి తెలుసు. బండి పరిగెడుతుంటే డేగిసా మూత ఎగిరి పడింది. మికాయెలా దాన్ని కాలితో అదిమి పట్టుకుని, చేతులతో తల్లినీ బిడ్డనీ పట్టుకుంది.

ఊళ్ళోకి వచ్చేసరికి గుడి ముందు జనం మరీ చిక్కబడ్డారు. కొవ్వొత్తులు, బొమ్మలు, పూలబుట్టలు. పండగ ఊరేగింపుని చీల్చుకుని పోయే బస్సు మా దేశంలో ఇంకా పుట్టలేదు. హెర్మిలో హారను కొట్టాడు. ఒకావిడ తిరిగి, "కళ్ళు కనబడట్లేదా, స్వామి వెళ్తున్నాడు!" అని కసిరింది.

మికాయెలా కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగింది.

"పసిబిడ్డకి తేలు కుట్టిందమ్మా! దారివ్వండి! తేలు!"

ఆ మాట నోటి నుంచి నోటికి పాకింది. తేలు, తేలు, పసిబిడ్డ. ఆడవాళ్ళు బొమ్మల్ని గుండెకి హత్తుకుని గోడల వైపు జరిగారు. కసిరినావిడే అందరికంటే ముందు చేతులు చాపి జనాన్ని నెట్టింది. రోడ్డు మధ్యలో బస్సంత దారి తెరుచుకుంది. మాట బస్సు కంటే ముందు పరిగెత్తిందేమో, ఆస్పత్రి గేటు దగ్గరికి చేరేసరికి నర్సు మెట్ల మీద చేతులు చాపి నిలబడి ఉంది.

తర్వాత ఎదురుచూడటం తప్ప పనేమీ లేకపోయింది. ఆస్పత్రి వాకిట్లో వేపచెట్టు కింద సిమెంటు బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. హెర్మిలో మికాయెలా చేతుల్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు. "నేను ఆపబోయాను" అనలేదు. ఆ మాట ఎక్కడ అంటాడోనని ఆమె ఎదురుచూసింది. అనకపోయేసరికి ఏడుపొచ్చింది.

"నువ్వు ఆపేవాడివి," అంది చివరికి తనే.

"నాకేం తెలుసని? నేను బొమ్మనైనా ఎక్కించుకునేవాణ్ణి," అన్నాడు. "బిడ్డని కనిపెట్టింది నువ్వు."

మందు రెండు విడతలు ఎక్కించారట. ఎండ వాలేవేళకి నర్సు బయటికొచ్చి, బిడ్డ పాలు తాగి నిద్రపోయిందని చెప్పింది. మికాయెలా అక్కడే, ఆ సిమెంటు నేల మీదే మోకరిల్లింది. దేవుడికి చెప్పుకోవలసినవి చాలా ఉన్నాయి. బిడ్డ బతికినందుకు, బండి తిప్పుకోను కాసింత చోటు దొరికినందుకు, ఊరు ఊరంతా పక్కకి జరిగినందుకు. అన్నిటికీ మించి, పక్కనున్న మనిషి బుద్ధి తన పోరు పడలేక మారిపోనందుకు. లేచేటప్పుడు మోకాళ్ళు పట్టేస్తే అతనే లేపాడు.

"నీ మాట నీకు తిరిగిచ్చేశానయ్యా," అంది. "నీ ఇష్టం వచ్చినవాళ్ళని ఎక్కించుకో. నా మంచం జోలికి మాత్రం రానివ్వకు."

"వాచ్‌మన్లకి కూడా లేదా?"

"వాచ్‌మన్లకి అసలు లేదు."

అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున్నుంచీ ఎవరూ ఏమీ తినలేదని. డేగిసా దింపారు. పడవ దిగి, చేపల వాసనతో, తడి బట్టలతో పరిగెత్తుకొచ్చిన బిడ్డ తండ్రికి మొదట పెట్టారు. అతను తింటూ ఏడుస్తున్నాడు, ఏడుస్తూ తింటున్నాడు. నర్సుకి, డాక్టరుకి, ఊడ్చే ఆవిడకి, బిడ్డ ఎలా ఉందో కనుక్కోవడానికి బొమ్మల్తో సహా గుడి నుంచి వచ్చిన ఆడవాళ్ళకి, అందరికీ అరిటాకులు విప్పి పెట్టింది మికాయెలా. పొద్దున కసిరినావిడ రెండు తిని మూడోది కొంగున కట్టుకుంది. లా ఎస్కొందిదాలో ఎదురుచూస్తున్న వాళ్ళకి ఫోను చేసి హెర్మిలో సంగతంతా చెప్పాడు. ఆ రొట్టె బొమ్మ మొక్కు ఆస్పత్రిలో తీరిపోయిందని వాళ్ళూ సంతోషించారు. కెనడా ముసలాయన మాత్రం తనకి ఒక్కటైనా దాచమని బతిమాలాడట.

నెరెయిదా బిడ్డనెత్తుకుని వాకిట్లోకి వచ్చింది. బిడ్డ పేరు ఇత్సెల్.

"ఆడపిల్లా!" అంది మికాయెలా కళ్ళు తుడుచుకుంటూ. "నేనేమో బాల ఏసనుకున్నాను."

అందరూ నవ్వారు. నెరెయిదా నవ్వలేదు. మొగుడి వైపు ఒకసారి చూసి, మికాయెలా ముందు నిలబడింది.

"దీనికింకా జ్ఞానస్నానం చేయించలేదమ్మా. మీరూ అయ్యా జ్ఞానతల్లీ తండ్రీ అవ్వాలి. కాదనకండి."

మా వైపు జ్ఞానతల్లి అంటే వట్టి పిలుపు కాదు. ఆ రోజు నుంచి రెండిళ్ళూ ఒక ఇల్లే. కాదనడం కూడా మర్యాద కాదు. హెర్మిలో అప్పటికే టోపీ తీసి తలాడించేశాడు. మికాయెలా మాత్రం వెంటనే ఒప్పుకోలేకపోయింది.

"ముందు నా మాట విను తల్లీ. విన్నాక కూడా నీకు ఇష్టమైతే అప్పుడు అడుగు. పొద్దున నువ్వు చెయ్యెత్తినప్పుడు మేము దాటి వెళ్ళిపోయాం. ఈయన ఆపబోతే, వద్దు, పోనియ్యమన్నది నేనే."

వాకిట్లో ఆడవాళ్ళు నెరెయిదా వైపు తిరిగారు.

"తెలుసమ్మా," అంది నెరెయిదా. "పసుపు బస్సు, పూల కర్టెన్లు. గుర్తుపట్టకేం? మీ తర్వాత ఇంకా చాలా బళ్ళు దాటిపోయాయి. వాటిల్లో ఒక్కటీ వెనక్కి రాలేదు."

బిడ్డని తెచ్చి మికాయెలా ఒళ్ళో పెట్టింది.